హార్లిక్స్ సీసాలో చిక్కుడు గింజలు

మా అమ్మమ్మ పోయిన ఏడేళ్ళకి ఊళ్ళో ఇల్లు అమ్మేశారు. సామాన్లు సర్దడానికి నేనూ అమ్మా వెళ్ళాం, అటక మీద ఇత్తడి గంగాళం వెనకాల ఒక హార్లిక్స్ సీసా కనబడింది, పాత గాజు సీసా, మూత చుట్టూ చీర పేలిక చుట్టి పురికొసతో బిగించి కట్టి ఉంది. విప్పితే నిండా బూడిద. వేలు పెట్టి కెలికితే చిక్కుడు గింజలు. గోధుమ రంగు గింజ, అంచున సున్నంతో గీసినట్టు తెల్లటి గీత. అమ్మ అక్కడే నేల మీద కూలబడి కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నూతి పందిరి చిక్కుడే" అంది.

ఆ చిక్కుడు గురించి చెప్పకపోతే మిగతాదంతా మీకు అర్థం కాదు. ప్రకాశం జిల్లాలో మా ఊళ్ళో నూతి పక్కన సరివి వాసాలతో ఒక పందిరి ఉండేది. ఆషాఢంలో నాలుగు గింజలు పెడితే దసరాకల్లా పందిరంతా కమ్మేసేది, పూత మాత్రం చలి పడ్డాకే. సంక్రాంతికి మంచి కాపు మీద ఉండేది. కాయ అంచు ఊదా రంగు, తుంచుతుంటే వేళ్ళకి ఒక పచ్చి వాసన అంటుకునేది, సబ్బు పెట్టి కడిగినా సాయంత్రం దాకా పోదు. రథసప్తమికి అమ్మమ్మ ఆ కాయలకే చీపురు పుల్లలు గుచ్చి రథం చేసేది, ఆ ఆకుల్లోనే సూర్యుడికి పరమాన్నం పెట్టేది. ఇక ఆ రోజు నుంచి పందిరికి తూర్పు వైపు కాయలు ఎవ్వరూ ముట్టుకోకూడదు, అవి విత్తనానికి. ఒకసారి తెలీక నేను రెండు కోసేస్తే వీపు విమానం మోత మోగింది.

సీసాలోవి లెక్కపెట్టా, ముప్పై ఒకటి. హైదరాబాద్ తెచ్చి మిద్దె మీద రెండు గ్రో బ్యాగుల్లో పన్నెండు పెట్టా. పది రోజులయింది, పదిహేను రోజులయింది, ఏమీ లేదు. తవ్వి చూస్తే మెత్తగా పిండిలా అయిపోయి ఉన్నాయి. సరే అని తొమ్మిది తడిగుడ్డలో చుట్టి గిన్నెలో పెట్టి రోజూ పొద్దున్నే ఆసుపత్రిలో పేషెంటుని చూసినట్టు విప్పి చూసేదాన్ని, నాలుగో రోజుకి బూజు. మిగిలిన పది గింజల్ని యూట్యూబ్‌లో ఎవరో చెప్పినట్టు అంచు గరుకు కాగితం మీద గీకి గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి పెట్టా, అవీ అంతే. ముప్పై ఒకటిలో ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఇది 2019 సంగతి. అమ్మకి ఫోన్ చేసి చెప్పడానికి రెండు రోజులు పట్టింది నాకు.

అప్పుడు చదవడం మొదలుపెట్టా. ఎండిన గింజ కూడా ప్రాణంతోనే ఉంటుంది, చాలా మెల్లగా ఊపిరి తీసుకుంటూ లోపల ఉన్నది కొంచెం కొంచెం ఖర్చు పెట్టుకుంటూ ఉంటుంది, తేమా వేడీ పెరిగితే ఆ ఖర్చు పెరుగుతుంది. హారింగ్టన్ అని ఒకాయన చెప్పిన మోటు లెక్క ఒకటుంది, గింజలో తేమ ఒక శాతం తగ్గిస్తే ఆయుష్షు రెట్టింపు, దాచిన చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గిస్తే మళ్ళీ రెట్టింపు. మా అటక పైన రేకులు. ప్రకాశం జిల్లా మే నెల, అలాంటివి ఏడు. బూడిద పురుగుని ఆపుతుంది, కొంత తేమ లాగుతుంది, రేకుల కింద ఏడు వేసవుల్ని అది మాత్రం ఏం చేస్తుంది. అయినా అమ్మమ్మ తప్పేం లేదు ఇందులో, ఆవిడ ఏడేళ్ళు దాచడానికి ఆ మూత కట్టలేదు కదా, వచ్చే ఆషాఢం దాకా దాచింది అంతే. ఆ ఆషాఢానికి ఆవిడ లేదు, మాకెవరికీ అటక గుర్తు రాలేదు.

కరోనా రెండో వేవ్ అయ్యాక 2021లో మా అపార్ట్‌మెంట్లో సీడ్ లైబ్రరీ అని ఒకటి పెట్టా, ఈ కోపంతోనే అనుకోండి. అసోసియేషన్ రూమ్‌లో మూల పడున్న స్టీల్ బీరువా ఒకటి అడిగి తీసుకున్నా. పెళ్ళి కార్డుల కవర్లు ఇంటింటికీ తిరిగి పోగు చేసి (మంచి మందపాటి కాగితం, పారేస్తారు పాపం) ఒక్కో కవర్ మీద పేరు, ఎవరిచ్చారు, ఏ నెలలో తీశారు అని రాసి, వాటిని స్వీట్ల డబ్బాల్లో నిలబెట్టి, అడుగున సిలికా జెల్ పొట్లాలు వేశా, కొత్త బూట్ల డబ్బాల్లో వస్తాయే అవి. రూలు ఒక్కటే, ఐదు గింజలు తీసుకో, పంట తీశాక పది తిరిగివ్వు. లాంగ్ నోట్‌బుక్‌లో రాసి సంతకం. నాకు భలే గర్వంగా ఉండేది ఆ బీరువా చూస్తే, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టేదాన్ని, లైకులు వచ్చేవి.

మొదటి ఏడాది నోట్‌బుక్‌లో తీసుకున్నవాళ్ళు అరవై మూడు మంది. తిరిగిచ్చినవాళ్ళు తొమ్మిది మంది. అడిగితే అందరి దగ్గరా కారణం ఉంది, కోతులు వచ్చాయి, ఊరెళ్ళాం నీళ్ళు పోసేవాళ్ళు లేరు, పనమ్మాయి కలుపనుకుని పీకేసింది, అన్నిటికంటే ఎక్కువమంది చెప్పింది మాత్రం "కాయలు లేతగా ఉన్నప్పుడే వండేశాం అండీ". అది నిజమే కదా, బెండకాయ కూరకి పనికొచ్చే రోజు వేరు, విత్తనానికి పనికొచ్చే రోజు వేరు, ఈ రెండిటి మధ్యా దాదాపు నెల. ఆ నెలంతా ఆ కాయని చెట్టు మీదే ముదరనివ్వాలి, ఎండనివ్వాలి, వదిలేస్తే చెట్టు కూడా కొత్త కాపు తగ్గించేస్తుంది, నా పని అయిపోయింది అన్నట్టు. మూడు కుండీల్లో కూరగాయలు పండించుకునేవాళ్ళకి అది పెద్ద త్యాగమే. అమ్మమ్మకి పందిరంత పందిరి ఉంది కాబట్టి తూర్పు వైపు వదిలేసింది.

తిరిగొచ్చిన తొమ్మిదిట్లో కథలు ఇంకోరకం. టమాటా ఇచ్చినావిడ మార్కెట్లో కొన్న హైబ్రిడ్ కాయ పిండి గింజలు తీసి తెచ్చింది, హైబ్రిడ్ గింజ మొలుస్తుంది, మొలవదని కొంతమంది ప్రచారం చేస్తారు కానీ అది తప్పు, మొలుస్తుంది కాస్తుంది కూడా, కాకపోతే రెండో తరంలో ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది, తాతకి ఒకటి ముత్తాతకి ఒకటి వెళ్ళిపోతాయి, ఏది వస్తుందో తెలీదు. ఇంకోటి దోస. పప్పు దోసకాయ, పసుపుపచ్చగా గుండ్రంగా ఉంటుందే అది. మూడో ఫ్లోర్ వాళ్ళు పండించి గింజలిచ్చారు, బాగానే ఉన్నాయి, మరుసటేడు ఆ గింజలు పెట్టిన ఇంట్లో దోసకాయ కోస్తే కర్బూజా వాసన! ముక్క మెత్తగా, పులుపూ లేదు తీపీ లేదు, పప్పులో వేస్తే కరిగిపోయింది. విషయం ఏంటంటే మన దోసకాయా కర్బూజా వృక్షశాస్త్రం లెక్కలో ఒకటే జాతి, సలాడ్‌లో వేసే కీరా వేరే జాతి. మూడో ఫ్లోర్ వాళ్ళ పక్క బాల్కనీలో ఎవరో తిని పారేసిన కర్బూజా గింజ మొలిచి తీగ పాకింది, తేనెటీగకి గోడేమీ అడ్డం కాదు. మొదటి ఏడాది కాయలో తేడా కనబడదు ఎందుకంటే కండ తల్లి చెట్టుది, కలిసిపోయింది లోపల గింజలో. అందుకే సంకరం అయిందని తెలిసేసరికి ఏడాది గడిచిపోతుంది.

సొరకాయ విషయంలో మాత్రం నవ్వు రాలేదు. ఒకరి ఇంట్లో సొరకాయ చేదుగా వచ్చింది, అంటే కొంచెం కాదు, నాలిక మీద పెట్టగానే ఉమ్మేసేంత. వండి పారేశారు కాబట్టి సరిపోయింది. చేదు సొరకాయ, ముఖ్యంగా జ్యూస్ చేసుకుని తాగితే, వాంతులూ రక్తపు విరేచనాలూ అయి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు మన దేశంలో, చనిపోయినవాళ్ళూ ఉన్నారు, అందులో కుకర్బిటాసిన్ అనే పదార్థం ఉంటుంది, ఉడికించినా పోదు. ఆ కవర్ మొత్తం తీసి కాల్చేశా. అప్పటినుంచి సొర, బీర, దోస గింజ ఇచ్చే ముందు ఆ చెట్టు కాయ ముక్క నాలిక చివర పెట్టి చూశారా అని అడుగుతా, చూడలేదంటే తీసుకోను, కోపగించుకున్నా సరే. అమ్మని అడిగితే "ముక్క రుచి చూడకుండా సొరకాయ పొయ్యి మీద పెట్టరే ఎవరైనా" అంది, ఆ తరానికి ఇది చెప్పక్కర్లేని సంగతి.

ఈలోపు అసోసియేషన్ రూమ్‌లో ట్రెడ్‌మిల్ వచ్చింది, బీరువా పార్కింగ్‌లోకి వెళ్ళింది, జనరేటర్ పక్కన. వేడీ తేమా రెండూ. 2022 వర్షాకాలంలో తీసి చూస్తే అనుములు, బెబ్బర్లు అన్నీ పుచ్చిపోయి కవర్ నిండా పిండి, చిన్న చిన్న పురుగులు డబ్బాలో తిరుగుతున్నాయి. పప్పుజాతి గింజలకి ఆ పురుగు గుడ్లు చేలోనే కాయ మీద పెట్టి వస్తాయి, మనం శుభ్రంగా కట్టి దాస్తున్నాం అనుకుంటాం, దాన్ని కూడా లోపల పెట్టి దాస్తున్నామన్నమాట. బాగా ఎండబెట్టాక వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే చస్తాయి, తేమ ఉండగా పెడితే గింజే చస్తుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. పాతవాళ్ళు కందులకి ఎర్రమట్టి పట్టించేది, పెసలకి ఆముదం రాసేది ఇందుకే.

ఆ ఏడు మూసేద్దామనుకున్నా నిజంగానే.

2023 జనవరిలో ఒక ఫ్రెండ్ జహీరాబాద్ దగ్గర పాత పంటల జాతర జరుగుతోంది వస్తావా అంది. ముంబై హైవే మీద పటాన్‌చెరు దాటేటప్పుడు ఎడమో కుడో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ బోర్డు కనబడుతుంది, రోజూ ఎంతమంది దాటుతారో, లోపల లక్షా ఇరవై వేలకి పైగా రకాల విత్తనాలున్నాయని ఎంతమందికి తెలుసో. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు, ప్రపంచం నలుమూలల నుంచీ పోగుచేసినవి, కొన్నేళ్ళకి సరిపడేవి నాలుగు డిగ్రీల చలి గదిలో, దశాబ్దాలు ఉండాల్సినవి మైనస్ ఇరవైలో. నాకు పార్కింగ్‌లో నా బీరువా గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ హైవే మీదే ఇంకో డెబ్బై కిలోమీటర్ల పైన పోతే జహీరాబాద్, అక్కడ చలి గది లేదు, కరెంటు అవసరమే లేదు.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, డీడీఎస్ అంటారు, 1983లో మొదలైంది, పస్తాపూర్‌లో ఆఫీసు. ఎక్కువగా దళిత మహిళలు, తలా ఎకరమో రెండెకరాలో ఎర్ర చెలక, ఊరూరా సంఘాలు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లు అలంకరించి వాటి మీద బుట్టల్లో, కుండల్లో విత్తనాలు పెట్టుకుని ఊరి నుంచి ఊరికి నెల రోజుల పాటు తిరుగుతారు, అదే జాతర. మాచనూరులో ముగుస్తుంది, వాళ్ళ సంఘం రేడియో కూడా అక్కడే, 2008 నుంచి ఆ ఆడవాళ్ళే నడుపుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. నేను వెళ్ళిన రోజు బండ్లు ఒక ఊళ్ళోకి వస్తున్నాయి, డప్పులు, పాటలు, వాకిట్లో నీళ్ళు చల్లి బిందెలతో ఎదురొస్తున్నారు, అచ్చం దేవుడి ఊరేగింపులా. బండి మీద దేవుడు మాత్రం లేడు, జొన్నలున్నాయి.

నేను ఆ బుట్టల దగ్గర గంటన్నర నిలబడ్డా. వెదురు బుట్టలు, పేడా మట్టీ కలిపి అలికినవి, సందు లేకుండా. లోపల వేపాకు, బూడిద వేసి గింజలు పోసి మూత కూడా అలికేస్తారంట. జొన్నలోనే ఎన్ని రకాలో, పచ్చజొన్న, ఎర్రజొన్న, తెల్లమల్లె జొన్న, అత్తాకోడళ్ళ జొన్న అని ఒకటుంది, ఒక్కో పొట్టులో రెండేసి గింజలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, పేరు పెట్టినావిడ ఎవరో గానీ దండం. తైదలు, కొర్రలు, సామలు, గడ్డినువ్వులు, కుసుమలు, అవిసెలు, పుంటికూర. సత్యం పంటలు అంటారు కొన్నిటిని, యాసంగిలో నీళ్ళు పెట్టకుండా, మందు వేయకుండా మంచు తేమకే పండేవాటిని. ఆ పేరు విని నాకు ఒళ్ళు జలదరించింది, మనం ఆర్గానిక్ అని స్టిక్కర్ అంటించి మూడు రెట్లు వసూలు చేస్తున్న దాన్ని వీళ్ళు సత్యం అనేసి ఊరుకున్నారు.

ఒక పెద్దావిడ పచ్చజొన్న బుట్ట దగ్గర కూర్చుని ఉంది. ఈ రకం ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా మీ దగ్గర అని అడిగా, వంద ఏళ్ళు, మా తాతల నాటిది లాంటి జవాబు వస్తుందని ఫోన్‌లో రికార్డింగ్ కూడా ఆన్ చేశా. ఆవిడ నవ్వి, "నా దగ్గర ఏడున్నది బిడ్డా, పోయినేడు మా వదినె కాడికెళ్ళి తెచ్చిన. ఈయేడు ఆమెకు పురుగు వట్టి పోయింది, ఇగ నేనే ఇయ్యాలె" అంది.

ఇంకా వివరం అడిగితే చెప్పింది, సంఘంలో శేరు విత్తనం తీసుకుంటే పంటొచ్చాక రెండు శేర్లు ఇవ్వాలి, పంట పోతే మరుసటేడు ఇవ్వొచ్చు. అదీ నా రూలే కదా, ఐదుకి పది! మరి నాకెందుకు పనిచేయలేదు అని వచ్చేటప్పుడు కార్లో ఆలోచిస్తూనే ఉన్నా. వాళ్ళు ఇచ్చేది లైబ్రరీకి కాదు, వదినెకి. ఇవ్వకపోతే రేపు బాయి కాడ ఎదురుపడాలి. ఇంకోటి, వాళ్ళ దగ్గర బుట్టలో ఉన్నది నిల్వ కాదు, పంట చేలో లేని నాలుగు నెలలకి అది ఆగే చోటు. నేను బీరువా నిండాలని చూశా, వాళ్ళు బుట్ట ఖాళీ అవ్వాలని చూస్తారు. అలాగని ఇక్రిశాట్ గది పనికిరాదని కాదు, ఎక్కడైనా కరువో యుద్ధమో వచ్చి ఊళ్ళో గింజ లేకుండా పోతే మళ్ళీ ఇచ్చేది అదే, 2015లో సిరియా యుద్ధం వల్ల అలెప్పోలో తమ విత్తనాల గది అందుబాటులో లేకుండా పోతే ఇకార్డా అనే వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళు నార్వేలో స్వాల్‌బార్డ్ మంచు గుహలో దాచుకున్న విత్తనం వెనక్కి తెచ్చుకున్నారు. కాకపోతే మైనస్ ఇరవైలో ఉన్న జొన్నకి 1980 తర్వాత ఎండలు పెరిగిన సంగతి తెలీదు, వదినె చేలో జొన్నకి తెలుసు.

డీడీఎస్ పెట్టినవాళ్ళలో ఒకరైన పి.వి. సతీశ్ గారు నేను వెళ్ళొచ్చిన రెండు నెలలకే, 2023 మార్చిలో పోయారు. కలవలేకపోయానని ఇప్పటికీ అనిపిస్తుంది.

మధ్యలో ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే అందరూ అడుగుతారు. మా బ్లాక్‌లో ఒకాయన ఇలా విత్తనాలు పంచడం చట్టవిరుద్ధం అండీ, కంపెనీవాళ్ళు కేసేస్తారు అని భయపెట్టాడు. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ఉంది, రైతు తన పంట విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, రక్షణ ఉన్న రకాన్ని బ్రాండ్ పేరు వేసి ప్యాకెట్ కట్టి అమ్మకూడదు అంతే. అమెరికాలో మా తమ్ముడుంటాడు, వాళ్ళ ఊరి పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాల కార్డులు పెట్టే పాత చెక్క సొరుగుల్లో విత్తనాలు పెట్టి ఇస్తారంట, వాడు అక్కడ గోంగూర గింజలు పెడితే ఎవరూ తీసుకోలేదు, లేబుల్ మీద పుల్లటి ఆకు అని రాశాక పోయాయంట. అక్కడే 2014లో పెన్సిల్వేనియా మెకానిక్స్‌బర్గ్ లైబ్రరీకి ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖవాళ్ళు మీరు విత్తన చట్టం ప్రకారం పరీక్షలు చేయించాలి అని నోటీసిచ్చారు, ఐదు గింజలిచ్చే లైబ్రరీకి! దాని మీద పెద్ద గొడవే అయి, తర్వాత కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు చట్టాలు మార్చుకున్నాయి. తమ్ముడు ఇక్కడి నుంచి చిక్కుడు గింజలు కొరియర్ చేయమంటే మాత్రం నేను చేయలేదు, సర్టిఫికెట్ లేకుండా పంపితే కస్టమ్స్‌లో తీసి పారేస్తారు, అదీ న్యాయమే, గింజతో పాటు తెగులు కూడా ప్రయాణం చేస్తుంది.

జహీరాబాద్ నుంచి వచ్చాక బీరువా పాత సామాన్లవాడికి ఇచ్చేశా. ఇప్పుడు పద్ధతి ఏంటంటే ఒక రకానికి మూడు ఇళ్ళు. ఫలానా బెండ ఈ మూడు ఇళ్ళది, ఫలానా వంగ ఆ మూడు ఇళ్ళది. మిగతా కూరగాయలు ఎవరికి కావాల్సింది వాళ్ళు పండించుకుంటారు, ఈ ఒక్కదానికి మాత్రం ఒక కుండీ విత్తనానికే వదిలేస్తారు. కావాల్సినవాళ్ళు నా దగ్గరికి రారు, ఆ ఇంటికెళ్ళి తలుపు కొడతారు. మొహమాటమే సగం పని చేసి పెడుతోంది, ఎదురింటావిడకి "వండేశాం అండీ" అని చెప్పడం నాకు చెప్పినంత తేలిక కాదు. టమాటా, చిక్కుడు, బెబ్బర్లు లాంటివి ఎక్కువగా వాటి పుప్పొడితో అవే కాస్తాయి కాబట్టి కొత్తవాళ్ళకి అవే ఇస్తాం. సొర, బీర, దోస మాత్రం అనుభవం ఉన్న ఇద్దరి దగ్గరే ఉంటాయి, వాళ్ళు సాయంత్రం పూట రేపు విచ్చుకోబోయే ఆడ పువ్వుకి నూలు గుడ్డ సంచీ కట్టి పొద్దున్నే చేత్తో పుప్పొడి అద్ది మళ్ళీ కట్టేస్తారు, సొర, బీర పువ్వులు సాయంత్రమే విచ్చుకుంటాయి కాబట్టి వాటికి డ్యూటీ టైమింగ్ వేరు. ఆ ఇద్దరిలో ఒకాయన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఆ పనిలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడు.

పోయిన ఏడాది లెక్క, ఇరవై రెండు రకాల్లో పద్ధెనిమిది ఒక్క ఇంట్లో అయినా బతికి బయటపడ్డాయి. నాలుగు పోయాయి, అందులో ఒకటి నేనే పోగొట్టా, ఎర్ర తోటకూర, ఎండబెట్టిన కంకులు గాలికి ఎగిరిపోయి ఇప్పుడు కింద సెల్లార్ సందుల్లో మొలుస్తోంది, వాచ్‌మన్ వాళ్ళావిడ కోసుకుని వండుతోంది. దాన్ని పోయినట్టు రాయాలో ఉన్నట్టు రాయాలో తెలీక ఆ గడి ఖాళీగా వదిలేశా.

ఇక నూతి పందిరి చిక్కుడు. 2024లో ఊళ్ళో పెళ్ళికి వెళ్తే, అమ్మమ్మ వాళ్ళ ఎదురింట్లో జాకెట్లు కుట్టే పెద్దమ్మ ఒకావిడ ఉండేది, ఆవిడ కనబడింది, ఇప్పుడు అద్దంకిలో కూతురి దగ్గర ఉంటోంది. మాటల్లో అమ్మ ఆ సీసా సంగతి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆవిడ "ఓసి పిచ్చిదానా, మీ అమ్మ ఏటా గుప్పెడు నాకిచ్చేది కదే, మా ప్రహరీ మీద ఇప్పటికీ అదే పాకుతోంది" అంది. నాకు నోట మాట రాలేదు. ఐదేళ్ళుగా నేను చేసినదంతా, నోట్‌బుక్కులూ సిలికా జెల్లూ అన్నీ, అద్దంకిలో ఒక గోడ మీద ఉన్న దాని కోసం. వారానికి బస్సులో పార్సిల్ వచ్చింది, పసుపు ప్యాకెట్ కవర్లో పద్నాలుగు గింజలు.

జూలైలో పెడితే పదకొండు మొలిచాయి. నవంబర్‌లో పూత, డిసెంబర్‌లో కాయలు. ఇక్కడ ఒక చిక్కొచ్చింది, పదకొండు తీగల్లో మూడింటికే కాయ అంచు ఊదాగా ఉంది, మిగతావి మొత్తం ఆకుపచ్చ. అన్నేళ్ళలో అద్దంకిలో చుట్టుపక్కల చిక్కుళ్ళతో కొంచెం కొంచెం కలిసి ఉంటుంది, చిక్కుడు పెద్దగా కలవదు గానీ తేనెటీగలు అస్సలు కలపవని కాదు. లేకపోతే పెద్దమ్మ ఎప్పుడో ఒకసారి సంతలో గింజలు కూడా తెచ్చి కలిపేసి ఉండొచ్చు, అడిగితే "ఏమోనమ్మా, చిక్కుడు చిక్కుడే కదా" అంది. అమ్మ వచ్చి ఊదా అంచు కాయ ఒకటి తుంచి వేళ్ళు వాసన చూసుకుంది, రెండోసారి చూసుకుంది, "అదే అనుకుంటా" అంది. అనుకుంటా అనే మాట దగ్గర ఆగింది. ఆ మూడు తీగలకీ ఎర్ర దారం కట్టా, రథసప్తమికి రథం పచ్చ కాయలతో చేశాం, ఎర్ర దారం కాయలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మార్చిలో తీస్తే నూట నాలుగు గింజలు వచ్చాయి. ఇరవై పెద్దమ్మకి అద్దంకి పంపా, ఇరవై అమ్మకి, మూడు ఇళ్ళకి తలా పదిహేను, మిగిలినవి నా దగ్గర. కవర్ మీద పేరు "నూతి పందిరి చిక్కుడు, అనుకుంటా" అనే రాశా, మా ఆయన నవ్వాడు. ఈసారి వచ్చే తీగల్లో మళ్ళీ ఎన్ని పచ్చగా వస్తాయో చూడాలి, పచ్చవి కూరకి, ఊదావి విత్తనానికి, నాలుగైదేళ్ళు ఇలా ఏరుకుంటూ పోతే నిలబడొచ్చు.

చందానగర్, మియాపూర్ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే మృగశిర కార్తె వచ్చాక మొదటి ఆదివారం మా మిద్దె మీద కలుస్తాం, ఖాళీ కవర్లు తెచ్చుకోండి. ఫిబ్రవరిలో చిక్కుడు పెట్టి తీగ తప్ప కాయ రాలేదని నన్ను తిట్టొద్దు, నాటు చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. సొర గింజలు తెచ్చేవాళ్ళు ఆ కాయ రుచి చూసి రండి.